ఎవరికి?

మా మేనకోడలు నంద్యాలలో మా మేడమీద గదిలో కూర్చుని బెంగుళూరు ఉద్యోగం చేస్తుంది. ఈ వింత మీకూ ఈపాటికి అలవాటైపోయే ఉంటుంది. పొద్దున ఉప్మా తిని మెట్లెక్కితే ఆఫీసుకి వెళ్ళినట్టు. సాయంత్రం మెట్లు దిగితే ఇంటికి వచ్చినట్టు. మధ్యలో కాఫీకి కేకవేస్తే "మీటింగులో ఉన్నా అత్తా!" అని పైనుంచే జవాబు. 

ఓ రోజు మధ్యాహ్నం వేళకాని వేళ దిగివచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది. 

"ఏమైందే?" అన్నాను. 

"ఒక్క వాక్యం అత్తా! వారం రోజుల పని ఒక్క వాక్యం దగ్గర ఆపేశాడు." 

ఏమాటకామాటే చెప్పుకోవాలి, నాకు ప్రాణం లేచివచ్చింది. ఒక్క వాక్యం దగ్గర రోజుల తరబడి ఆగిపోయి, పొయ్యిమీద పాలు పొంగబెట్టుకుని, ఇంట్లో అందరిచేతా చీవాట్లు తిన్న మనిషిని నేను. ఇన్నాళ్ళకి నా జాతి మనిషి ఒకతె ఈ ఇంట్లో దొరికిందని సంబరపడి, ఆ వాక్యమేమిటో చెప్పమన్నాను. 

ఆ వాక్యం ఇదీ: "పని విఫలమైంది." 

అంతే. (ఇంగ్లీషులోనే రాసిందనుకోండి.) ఆ వాక్యం కింద, దానికంటే రెండేళ్ళు చిన్నవాడు, ఉద్యోగంలోనూ వెనక చేరినవాడు, ఒకే ఒక్క మాట రాసి పెట్టాడట: "ఎవరికి?" 

నాకు అర్థమైనంతలో మీకు చెబుతాను. మేం బి.ఏ. చదివినవాళ్ళం, తప్పులుంటే మన్నించండి. కంప్యూటరు ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ తన పని తాను చేసుకుంటూ ఒక దినచర్య కూడా రాసుకుంటుందట. ఫలానా సమయానికి ఫలానా పని మొదలుపెట్టాను, ఫలానాది పూర్తయింది, ఇక్కడ ఆగిపోయాను అని. దాన్ని లాగ్ అంటారు. పూర్వం ఓడలవాళ్ళు వేగం కొలవడానికి సముద్రంలోకి దుంగ విసిరి, ఆ లెక్కలు ఎక్కించిన పుస్తకాన్ని లాగ్ పుస్తకం అన్నారట. ఆ దుంగే ఇక్కడిదాకా తేలుకుంటూ వచ్చింది. ప్రోగ్రాము ఏ అర్ధరాత్రో చతికిలబడితే, నిద్రకళ్ళతో లేచిన ఎవరో ఉద్యోగి ముందు ఆ దినచర్యే తెరుస్తాడు. అందులో ఏముంటే అదే అతనికి దిక్కు. 

దినచర్య కంప్యూటరుదే అయినా అందులో మాటలు మనిషివే. ప్రోగ్రాము రాసేటప్పుడే, ఇక్కడ దెబ్బతింటే ఈ మాట రాయి అని ముందుగా నేర్పిపెట్టాలి. మా పిల్ల రాస్తున్నది చిన్నచిన్న కొట్లవాళ్ళకి రావలసిన డబ్బు సాయంత్రానికి వాళ్ళ బ్యాంకు ఖాతాల్లో జమచేసే ప్రోగ్రాము. అది ఎక్కడైనా ఆగిపోతే రాసుకోమని నేర్పిన మాట: పని విఫలమైంది. 

ఇక రెండో సంగతి. వాళ్ళలో ఎవరు ఏం రాసినా తోటివాడొకడు చదివి సరే అంటేనే గాని అది చెలామణీలోకి పోదట. కోడ్ రివ్యూ అంటారు దాన్ని. పైవాడు కిందవాడిని దిద్దడం కాదు, ఎవరిదైనా ఎవరైనా చదవచ్చు. అలా చదివిన కుర్రాడే ఆ 'ఎవరికి?' రాసింది. 

"ప్రోగ్రాము బ్రహ్మాండంగా నడుస్తోంది. అది నడవనప్పటి మాట కదా! ఎన్నడో, ఎవడో చదివేదానికి ఇంత రాద్ధాంతమా?" అంది. 

నేను ఊ కొట్టాను. మనసులో మాత్రం కుర్రాడివైపే మొగ్గాను. కారణం చెబితే నా పరువే పోతుంది. అయినా చెబుతాను. 

కొన్నేళ్ళ కిందట ఓ సాహిత్య సభకని కర్నూలు వెళుతూ, మా అత్తగారిని చూసుకునే అమ్మాయికి చీటీ రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించి పోయాను. 'రాత్రి అన్నం తిన్నాక తెల్లమాత్ర ఒకటి.' అచ్చుతప్పు లేదు, అబద్ధం లేదు. మాత్ర తెల్లదే. కాని ఆ డబ్బాలో తెల్లమాత్రలు రెండు రకాలున్నాయి. ఒకటి రక్తపోటుది, ఒకటి చక్కెర జబ్బుది. పొద్దున ఒకసారి వేసుకున్న చక్కెర మాత్రే రాత్రి మళ్ళీ వేసింది ఆ అమ్మాయి. అర్ధరాత్రి అత్తగారికి ముచ్చెమటలు, వణుకు. మావారు గబగబా పంచదార నీళ్ళు పట్టించి, ఆస్పత్రికి తీసుకుపోయి, తెల్లవార్లూ పక్కన కూర్చున్నారు. దేవుడి దయవల్ల గండం గడిచింది. నేను వచ్చాక ఆయన అరవలేదు, కరవలేదు. ఆ చీటీ నా చేతిలో పెట్టి, "ఏ తెల్లది?" అన్నారు. అంతే. 

ఆ మాట ఈనాటికీ చెవిలోనే ఉంది. నేను ఆ చీటీ రాసి ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను కూడా. పదిసార్లు చదివినా నాకు తప్పు కనపడేది కాదు. ఎందుకంటే ఏ తెల్లదో నాకు తెలుసు! రాసినవాళ్ళకి అక్కడే వస్తుంది చిక్కు. కాగితంమీద లేనిది మన బుర్రలో ఉంటుంది. చదివేటప్పుడు కన్ను కాగితం చదువుతుంది, బుర్ర ఖాళీలు పూరించేస్తుంది. నవలల ప్రూఫులు దిద్దినవాళ్ళనెవరినైనా అడగండి, తన పుస్తకంలో తప్పు తనకు దొరకదు. ఆ వేళ బస్సెక్కేముందు ఆ చీటీ ఎదురింటి పిన్నిగారికి చూపించి ఉంటే చాలు, ఆవిడకి ఏమీ తెలియదు గనకే "ఏ తెల్లదమ్మా?" అని అడిగి ఉండేది. తెలియకపోవడం కూడా ఒక అర్హతేనని అప్పుడే నాకు తెలిసొచ్చింది. 

ఇది కంప్యూటర్ల వాళ్ళకి యాభై ఏళ్ళకి పైగా తెలిసిన సంగతేనట. 1971లో జెరాల్డ్ వైన్‌బర్గ్ అనే ఆయన ప్రోగ్రాములు రాసేవాళ్ళ మనస్తత్వం మీద పెద్ద పుస్తకమే రాశాడు. నా ప్రోగ్రాము అంటే నేనే అనుకుని మీసం మెలేసినంతకాలం మనకి తప్పులు కనపడవని, పదిమందికీ చూపించమని ఆయన బోధ. 1976లో ఐబీఎం కంపెనీలో మైకేల్ ఫేగన్ నలుగురు కూర్చుని ప్రోగ్రాము చదివి తప్పులేరే పద్ధతికి ఓ క్రమం ఏర్పరిచి అచ్చువేశాడు. ఇవన్నీ మా పిల్లే చెప్పింది. అన్నీ తెలిసి కూడా ఆ రోజు ముఖం కందగడ్డ చేసుకుంది. తెలిసినంత మాత్రాన అభిమానం దెబ్బతినకుండా ఉంటుందా ఏం? 

ఆ ఆదివారం మాకు ఆళ్ళగడ్డ ప్రయాణం పడింది. మా చెల్లెలు ఇల్లు కట్టుకుంటూ, వాకిట్లో పెట్టుకోవడానికి చిన్న రాతి వినాయకుణ్ణి చెయ్యించమంది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయినప్పటినుంచి ఆళ్ళగడ్డ మా జిల్లాలోనే ఉందని మాకు కొంచెం గొప్ప. ఆళ్ళగడ్డ శిల్పుల విగ్రహాలు సముద్రాలు దాటి వెళ్ళి గుళ్ళలో కొలువున్నాయి మరి. నలభై చిల్లర కిలోమీటర్లు, సిరివెళ్ళ మీదుగా. పిల్ల కూడా "గాలి మారుతుంది అత్తా" అని బయల్దేరింది. 

ఊళ్ళోకి వస్తుంటేనే ఉలి చప్పుడు. రోడ్డువార షెడ్లలో సగం చెక్కిన సింహాలు, ముక్కు రాని అమ్మవార్లు, రెక్కలొచ్చి ముఖం రాని గరుత్మంతులు. మేం వెళ్ళిన షెడ్డులో డెబ్భై ఏళ్ళు దాటిన పెద్దాయన ఉన్నాడు. చెయ్యి ఇప్పుడు పనికి లేవదట. కొడుకులు చెక్కుతుంటే కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. మేం బేరంలో ఉండగానే పెద్దకొడుకు ఉలి ఆపి, "నాయనా, ఒకపారి చూడు" అన్నాడు. ఎదురుగా నల్లరాతిలో వేణుగోపాలుడు. పెద్దాయన లేచి అంతదూరం నడిచివెళ్ళి, తల వంచి, అటునుంచీ ఇటునుంచీ చూసి, "కుడికన్ను రెప్ప రవ్వంత బరువైంది" అన్నాడు. కొడుకు అభిమానపడలేదు. సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. రాతిలో ఒకసారి పోయింది మళ్ళీ రాదు కదా, అభిమానానికి తీరికెక్కడిది? నేను మా పిల్లకేసి చూశాను. అది కావాలని సింహాన్ని చూస్తోంది. 

మంచినీళ్ళు ఇచ్చి మాటల్లో పెట్టాక పెద్దాయన తన గోడు చెప్పుకొచ్చాడు. 

"ఏం చెప్పల్లమ్మా! రేషను బియ్యానికి మూడుసార్లు పోయొచ్చినా. మిషన్‌మింద ఏలు పెడితే మూడునూర్లు అని వస్తాందంట. 'రేపు రా తాతా' అంటాడు ఆ పిలగాడు. మూడునూర్లు కట్టల్లనేమో అనుకోని, రెండోసారి దుడ్లు గూడా ఎత్తకపోయినా. అయి కావంట. మూడోసారి గూడా అదే. నేను చచ్చిపోయినానని యాడన్నా రాసుకున్నారేమో తల్లీ!" 

పక్కనున్న కోడలు నవ్వింది. నాకూ సగం నవ్వొచ్చి, చివరి మాటకి నోట్లోనే ఆగిపోయింది. 

మా పిల్ల మాత్రం నవ్వలేదు. దగ్గరికి వెళ్ళి ఆయన కుడిచెయ్యి పట్టుకుని బొటనవేలు వెలుగుకి తిప్పి చూసింది. యాభై అరవై ఏళ్ళు రాతిని అరగదీసిన వేలు, రాయీ దాన్ని అరగదీసింది. అద్దంలా నున్నగా ఉంది, గీత అన్నది లేదు. 

"అది డబ్బు కాదు తాతా. వేలిముద్ర కలవలేదని ఆ అంకెకి అర్థం. నీ పేరెవరూ కొట్టెయ్యలేదు. ఈ వేలు అరిగిపోయింది, అంతే. చెయ్యి శుభ్రంగా కడిగి తుడుచుకుని ఉంగరపు వేలు, చిటికెన వేలు, ఎడమచేతివి కూడా ఒక్కొక్కటే పెట్టి చూడు. అవీ కాకపోతే కంటిపాప చూసే మిషను ఉందేమో అడుగు, ఫోనుకి నెంబరు వస్తుందేమో అడుగు." 

రెండు నిమిషాల మాట. ఆంధ్రప్రదేశ్ రేషను కొట్లలో ఈ వేలిముద్ర మిషన్లు 2015లో వచ్చాయి. ఆనాటినుంచీ రాళ్ళు కొట్టేవాళ్ళు, నాట్లు వేసేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు, అరిగిన వేళ్ళ వాళ్ళెందరు ఆ అంకె ముందు నిలబడి ఉంటారో! 300 అన్నది అబద్ధం కాదు. రాసినవాళ్ళ పట్టికలో దాని అర్థం నిక్షేపంలా ఉంది. కాని ఆ పట్టిక ఆళ్ళగడ్డ కొట్లో గోడకి లేదు, కొట్టు కుర్రాడి బుర్రలో లేదు, ఈ పెద్దాయన చేతిలో అసలే లేదు. నిజమే చెప్పి, చెప్పవలసినవాడికి చెప్పకపోతే ఆ నిజాన్ని ఏ ఖాతాలో వెయ్యాలి? నా తెల్లమాత్ర ఖాతాలోనేనా? 

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. సిరివెళ్ళ దాటాక, "అత్తా, థెరాక్-25 సంగతి నీకు చెప్పానా?" అంది. 

చెప్పలేదు. అప్పుడు చెప్పింది. నేను తర్వాత మళ్ళీ అడిగి నిర్ధారణ చేసుకుని మరీ రాస్తున్నాను. 

అది కెనడా ప్రభుత్వ సంస్థ ఒకటి తయారుచేసిన యంత్రం. క్యాన్సరు రోగులకి కిరణాలతో చికిత్స చేసేది. దాని ప్రోగ్రాము ఒక్కడే రాశాడట, పాత యంత్రానికి రాసిందానిమీదే మార్పులు చేర్పులు చేస్తూ. 1986 మార్చిలో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, టైలర్ ఊళ్ళో ఒక రోగిని దాని కింద పడుకోబెట్టారు. నడిపే ఆమె పక్కగదిలో ఉంది. మొదట ఒక అక్షరం తప్పు కొట్టి, చకచకా దిద్దుకుని, చికిత్స మొదలుపెట్టింది. యంత్రం ఆగిపోయింది. తెరమీద 'మాల్‌ఫంక్షన్ 54' అని వచ్చింది, అంటే 54వ నెంబరు లోపం. ఆమె దగ్గరున్న పుస్తకంలో ఆ నెంబరుకి వివరమే లేదు. తెరమీద చూపించిన లెక్క ప్రకారం రోగికి అందవలసిన కిరణాలకంటే తక్కువే అందాయి. ఆ యంత్రం ఇలా ఏదో ఒక నెంబరు చూపించి ఆగడం రోజూ ఉన్నదే. ఒక మీట నొక్కితే మళ్ళీ నడిచేది. ఆమె నొక్కింది. 

లోపల పడుకున్నవాడికి మొదటిసారే ఒంటిమీద వేడి కాఫీ కుమ్మరించినట్టయింది. లేవబోతుండగా రెండో దెబ్బ తగిలింది. ఆ రోజు గదిలో కెమెరా తగిలించి లేదు, మాట వినిపించే యంత్రం చెడిపోయింది. అతను లేచివచ్చి తలుపు బాదితేగాని ఆమెకి తెలియలేదు. ఐదు నెలల తర్వాత అతను పోయాడు. మార్చి రోగి తర్వాత మూడు వారాలకే అదే ఊళ్ళో, అదే యంత్రం కింద ఇంకొకరు. మళ్ళీ 54. 

ఆ ఆస్పత్రి భౌతికశాస్త్రవేత్తా, ఆ ఆపరేటరూ పట్టుబట్టి యంత్రం ముందు కూర్చుని, అవే మీటలు అదే వేగంతో మళ్ళీ మళ్ళీ కొట్టి, ఎలా కొడితే 54 వస్తుందో కనిపెట్టారు. ఇంతకీ ఆ నెంబరుకి అర్థం ఏమిటి? ఇచ్చిన కిరణాల మోతాదు మరీ ఎక్కువైనా అయ్యుండాలి, మరీ తక్కువైనా అయ్యుండాలి అనట! రెంటికీ ఒకటే నెంబరు! అందింది దాదాపు వందరెట్లు. 1985 జూన్ నుంచి 1987 జనవరి లోపల మొత్తం ఆరుగురికి ఇలా జరిగింది. 

న్యాయంగా చెప్పాలంటే ఆ సందేశం ఒక్కటే మనిషిని చంపలేదు. ప్రోగ్రాములో లోపం ఉంది. పాత యంత్రాల్లో ప్రమాదం రాకుండా అడ్డుపడే పరికరాలు తీసేసి అంతా ప్రోగ్రాముమీదే వదిలేశారు. కాని ఆ ఒక్క క్షణం, వేలు మీటమీద ఉన్న క్షణం ఉంది చూశారూ, అక్కడ ఆమెకి సాయం రాగలిగింది ఆ ఒక్క వాక్యమే. 'మోతాదు మించి ఉండవచ్చు, మళ్ళీ నొక్కవద్దు, రోగిని చూడండి' అని ఉంటే? ఆ మాట రాసి ఉండవలసినవాడు అక్కడ లేడు. తన బల్లదగ్గర 54 అని వేసి, దాని అర్థం తనకి తెలుసు గనక హాయిగా ఇంటికి పోయాడు. పాపం, దుర్మార్గుడేమీ అయ్యుండడు. నా చీటీ రాసిన రోజున నేనూ కాను. పక్కవాడొకడు చదివి, 'ఎక్కువా తక్కువా ఏదయ్యా?' అని అడిగి ఉంటే! 

"అయితే ఉన్నదంతా రాసి పారేస్తే సరిపోయె" అన్నాను. 

"అదీ ప్రమాదమే అత్తా" అంది. ఊరికే హడావిడి చేసే లాగ్‌ని ఎవరూ లెక్కచెయ్యరట, నాన్నా పులి కథే. పైగా రాయకూడనివి ఉంటాయి. 2018 మేలో ట్విటర్ కంపెనీ తన వాడుకరులందరినీ సంకేతపదాలు మార్చుకోమని కోరింది. వాళ్ళ లోపలి లాగ్‌లో సంకేతపదాలు ముసుగు లేకుండా పడిపోయాయట. చదివేవాడికి సాయమని ఇల్లంతా తెరిచి పెడితే ఎలా? ఏది చెప్పాలో, ఏది కూడదో తేల్చడానికి కూడా రెండో మనిషి కావాలి. 

ఇక్కడ నాకో అనుమానం. రెండో మనిషి ఉంటే సరిపోతుందా? మనం తెలుగువాళ్ళం, మొహమాటంలో పుట్టి మొహమాటంలో పెరిగినవాళ్ళం. ఎవరైనా కొత్త రచయిత్రి రాతప్రతి తెచ్చి చేతిలో పెడితే, నాలుగు పేజీలు తిరగేసి "బాగుందమ్మా" అని కాఫీ ఇచ్చి పంపేస్తాను. ఆ 'బాగుంది' ఆమెమీద ప్రేమ అనుకునేదాన్ని. కాదు, నా సుఖం. ఆమె ముఖం చిన్నబుచ్చుకోవడం నేను చూడనక్కర్లేదు. తర్వాత ఏ పాఠకుడో ఆ పుస్తకం పదో పేజీలో మూసేసినప్పుడు నేను అక్కడుండను. వాళ్ళ ఆఫీసుల్లోనూ అంతేనట. స్నేహితుడి ప్రోగ్రాము చదవకుండానే "బాగానే ఉంది" అని వేలెత్తేస్తారు. ఆ కుర్రాడు, తనకంటే పెద్దదాని వాక్యం కింద 'ఎవరికి?' అని రాయడానికి ఎంత గుండె చిక్కబట్టుకుని ఉంటాడో! అతనికి మా పిల్ల తెలుసు. అర్ధరాత్రి లేచేవాడెవరో తెలియదు. తెలిసినదాన్ని నొప్పించి, తెలియనివాడి పక్షాన నిలబడ్డాడు. 

పదిహేను రోజులకి వినాయకుణ్ణి తెచ్చుకోవడానికి వెళ్ళాం. షెడ్డులో అడుగుపెట్టగానే పెద్దాయన ఎడమచేతి చిటికెన వేలు ఎత్తి చూపించి, పళ్ళులేని నోటితో నవ్వాడు. "ఇది ఉలి పట్టని ఏలు గదమ్మా, ఇది బతికుంది!" అన్నాడు. వేణుగోపాలుడి కుడికన్ను కూడా సర్దుకుంది. 

ఆ రాత్రి పిల్ల కంప్యూటరు పట్టుకుని నేరుగా వంటింట్లోకే వచ్చింది. "అత్తా, నీకేం తెలియదు కదా, కాబట్టి నువ్వే చదవాలి" అంది. పొగడ్తగానే తీసుకున్నాను. కొత్త వాక్యం నాకోసం తెలుగులో చెప్పింది: "ఫలానా నెంబరు దుకాణానికి ఈరోజు జమ పూర్తికాలేదు. డబ్బు పంపమని అడిగాం, బ్యాంకునుంచి ముప్ఫై సెకన్లలో జవాబు రాలేదు. మళ్ళీ పంపండి." 

"బాగుందే" అన్నాను. 

అది నాకేసి గుర్రుగా చూసింది. "మొహమాటమా?" 

పట్టుబడిపోయాను. చెయ్యి తుడుచుకుని మళ్ళీ వినిపించమన్నాను. ఈసారి అర్ధరాత్రి నిద్రకళ్ళవాణ్ణి నేనే అనుకున్నాను. 

"జవాబు రాలేదన్నావు. మరి డబ్బు వెళ్ళిందా, వెళ్ళలేదా?" 

"అది తెలియదు. జవాబు రాలేదు కదా." 

"వెళ్ళి ఉంటే? మళ్ళీ పంపితే ఆ కొట్టతనికి రెండుసార్లు పడదూ?" 

పిల్ల ఒక్క క్షణం నా ముఖంలోకి అలాగే చూసి, కంప్యూటరు చంకలో పెట్టుకుని మెట్లవైపు పరుగెత్తింది. పొయ్యిమీద దానికోసం పెట్టిన పాలు పొంగిపోయాయి.